అమ్మతో మధురైలో మూడు రాత్రులు

ఇరవై ఏళ్ల కిందట, నాన్న ఉన్నప్పుడు, ముగ్గురం నెల్లూరు నుంచి యాత్రా బస్సులో మధురై వెళ్లాం. మన వైపు నుంచి కదిలే బస్సులన్నిటిదీ దాదాపు ఒకటే దారి. కంచి, శ్రీరంగం, మధుర, రామేశ్వరం, కన్యాకుమారి. గుడి దగ్గర దింపి రెండు గంటల్లో వచ్చేయమన్నారు. అందులో గంటన్నర వరుసలోనే పోయింది. గర్భగుడి ఎదుటికి చేరేసరికి వెనకవాళ్ల తోపులాటలో అమ్మకు కనిపించింది పట్టుచీర అంచు, ఒక దీపం, అంతే. "మీనాక్షమ్మ ముక్కుపుడక చూడకుండానే వచ్చేశానే" అని తిరుగు దారిలో ఎన్నిసార్లు అందో. ఆ తర్వాత మధుర మాట ఎప్పుడొచ్చినా అమ్మ నోట అదే మాట.

కిందటి మాఘమాసంలో నేనే అన్నాను. "ఈసారి బస్సు వద్దమ్మా, ప్యాకేజీ వద్దు. మూడు రోజులు ఆ ఒక్క ఊళ్లోనే ఉందాం." అమ్మకు అరవై ఎనిమిదేళ్లు. మోకాళ్లు సహకరించవు. "మూడు రోజులేం చేస్తామే అక్కడ, గుడి చూసేందుకు ఒక పూట చాలదా" అంది. అయినా రెండు చీరలు, నొప్పుల మందు, ఇంట్లో చేసిన కారప్పొడి సర్దుకుని సిద్ధమైపోయింది.

నెల్లూరు నుంచి మద్రాసు సెంట్రల్, అక్కణ్ణుంచి ఆటోలో ఎగ్మూరు, రాత్రికి పాండియన్ ఎక్స్‌ప్రెస్. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు ఈ బండి ఎంతో వీలు. ఎక్కి పడుకుంటే తెల్లారకముందే మధురై వస్తుంది. కింది బెర్తు మాత్రం ముందే చూసుకోవాలి. స్టేషన్‌ నుంచి గుడికి కిలోమీటరు దూరమే. ఆ మధ్యలో ఉన్న వెస్ట్ పెరుమాళ్ మేస్త్రి వీధి నిండా లాడ్జీలే. అక్కడే గది తీసుకున్నాం. గురువారం ఉదయం ఐదు కాలేదు, చీకటి ఇంకా విడలేదు. అయినా ఆ వీధిలో టీ కొట్ల ముందు జనం, ఇడ్లీ పాత్రల మీంచి ఆవిర్లు, పూలబుట్టలతో సైకిళ్లు. "ఈళ్లు ఇంకా పడుకోలేదా, లేక అప్పుడే లేచారా" అంది అమ్మ. ఆటో అబ్బాయికి అర్థమైనట్టుంది. వెనక్కి తిరిగి, "తూంగా నగరం అమ్మా, తూంగా నగరం" అన్నాడు. తూంగా నగరం అంటే నిద్రపోని ఊరు.

ఈ పేరు పర్యాటక శాఖ పెట్టింది కాదు. ప్రాచీన సంగకాలపు తమిళ కావ్యం మధురైక్కాంజిలో కవి ఈ ఊరిని పగలూ రాత్రీ జాము జాముగా వర్ణిస్తాడు. పగటి బజారు నాళంగాడి, రాత్రి బజారు అల్లంగాడి. వినగానే నాకు మన 'అంగడి' తగిలింది. చిన్నప్పుడు మా అవ్వ "అంగడికి పోయి బెల్లం తేపో" అనేది. అదే మాట ఇక్కడ ఇన్ని వందల ఏళ్లుగా ఉందని తెలిస్తే ఊరు సగం మనదైపోయినట్టు అనిపించింది. రాత్రి అంగళ్లకు పేరుబడ్డ ఊరిని మన బస్సులు పగలు రెండు గంటలు చూపించి తీసుకెళ్లిపోతున్నాయి.

మొదటి రోజు తప్పు నాదే. స్నానాలు, టిఫిను, కాస్త నడుం వాల్చడం, అన్నీ నింపాదిగా చేసుకుని గుడి దగ్గరికి వెళ్లేసరికి పన్నెండూ నలభై. పన్నెండున్నరకే తలుపులు మూస్తారు, మళ్లీ నాలుగుకే తీయడం. తమిళనాడులో పెద్ద గుళ్లన్నిటికీ ఈ మధ్యాహ్నపు విరామం ఉంటుందని తెలిసి కూడా చూసుకోలేదు. మూసిన తలుపుల ముందు అమ్మ ముఖం చూసి నాకు బాధేసింది. అమ్మే సర్దిచెప్పింది. "పోనీలేవే, రేపు శుక్రవారం. తలంట్లు పోసుకుని వద్దాం. ఆమెకి మనం రేపు రావాలని ఉన్నట్టుంది."

సరేనని అట్నుంచటే తిరుమల నాయకుడి మహలుకు వెళ్లాం. తెలుగువాళ్లు తప్పక చూడాల్సిన చోటు ఇది. విజయనగరం తరఫున వచ్చిన విశ్వనాథ నాయకుడు 1529లో ఇక్కడ నాయక రాజ్యానికి పునాది వేశాడు. ఆ వంశంలోనే 1623 నుంచి 1659 దాకా ఏలిన తిరుమల నాయకుడు 1636లో ఈ మహలు కట్టించాడు. లోపల అడుగుపెట్టగానే పెద్ద ఆవరణ, చుట్టూ స్తంభాలు. అమ్మ ఒక స్తంభాన్ని రెండు చేతులతో చుట్టబోయింది. నేనూ అటువైపు నుంచి చేతులు చాచాను. మా ఇద్దరి వేళ్లూ కలవలేదు. ఇటుకా సున్నంతో కట్టి, పైన గచ్చు పూత పూశారట. అరచెయ్యి ఆనిస్తే చల్లగా, నున్నగా ఉంది. మనం ఇవాళ చూస్తున్నది ఆనాటి మహలులో సుమారు నాలుగో వంతే. తిరుమల నాయకుడి మనవడు చొక్కనాథుడు రాజధానిని తిరుచిరాపల్లికి మార్చుకుంటూ ఇక్కడి రాళ్లూ దూలాలూ ఊడదీసుకుపోయాడు. మిగిలిన దాన్ని మద్రాసు గవర్నరు నేపియర్ 1866, 1872 మధ్య బాగుచేయించాడు. ఆ స్తంభాల మీద చెయ్యి అందినంత మేరా పేర్లూ ప్రేమగుర్తులూ గీకి పెట్టారు. వాటిలో తెలుగు పేర్లు కనిపించినప్పుడు ఇంకా ఎక్కువ నొప్పి కలిగింది. దయచేసి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు ముందే చెప్పి తీసుకెళ్లండి.

సాయంత్రం అక్కడే ధ్వని, కాంతి ప్రదర్శన ఉంటుంది. తిరుమల నాయకుడి కథ చెబుతారు, ఒకటి ఇంగ్లీషులో, ఒకటి తమిళంలో. అమ్మ తమిళం ఆటకు ఉందామంది. ఇంగ్లీషు కన్నా తమిళమే తనకు ఎక్కువ అర్థమవుతుందని. దీపాలు ఒక్కో స్తంభం మీదా వెలుగుతూ ఆరుతూ ఉంటే ఆవరణంతా ఒకసారి ఎర్రగా, ఒకసారి ఆకుపచ్చగా అయ్యేది. పావురాలు లేచి పైకప్పు మూలల్లోకి సర్దుకునేవి. మధుర నాయకుల కొలువులో తెలుగు కావ్యాలు పుట్టాయని, తెలుగు వచనం ఇక్కడే బాగా పెరిగిందని కాలేజీలో చదువుకున్నాను. అప్పుడది పరీక్షకు రాసే ఒక పేరా. ఆ మెట్ల మీద అమ్మ పక్కన కూర్చుంటే, ఈ గోడల మధ్య ఒకప్పుడు రాజూ కవీ మన భాషలో మాట్లాడుకున్నారు కదా అనిపించి ఒళ్లు జలదరించింది.

ఆ రాత్రి తిండి గురించి చెప్పాలి. అమ్మ శుక్ర, శనివారాలు నీచు ముట్టదు. అంటే మధురై మాంసం రుచి చూడాలంటే ఆ ఒక్క గురువారం రాత్రే. కోనార్ కడై అంటే ఏ ఆటో అతనైనా తీసుకెళ్తాడు. అక్కడికి వెళ్లేది కరి దోసె కోసం. కరి అంటే మాంసం. దోసె రాయి దగ్గర నిలబడి చూశాను. ముందు పిండి మందంగా, చిన్నగా పరుస్తాడు. అది సగం ఉడికాక పైన గుడ్డు గిలక్కొట్టి పోస్తాడు. దాని మీద ముందే ఉడికించి సన్నగా కొట్టిన వేటమాంసం కూరను అంచులదాకా సర్ది, గరిటెతో అదిమి, ఒక్కసారిగా తిరగేస్తాడు. మాంసం వైపు రాయికి తగిలి చుర్రుమంటుంది. ఆ వాసనకు వరుసలో ఉన్నవాళ్లంతా ఒక అడుగు ముందుకు జరుగుతారు. అడుగున దోసె మెత్తగా, నడిమిన గుడ్డు, పైన మిరియం, సోంపు ఘాటుతో కరకరలాడే మాంసం. ఒకటి తింటే ఇద్దరికి సరిపోయేంత ఉంటుంది. అమ్మ తినే ముందు అంచు తుంచి వాసన చూసి, "మసాలా వేశారు గానీ కూరని మసాలాతో ముంచెయ్యలేదు, మాంసం రుచి తెలుస్తా ఉంది" అంది. నెల్లూరు మనిషి నోట కూర గురించి ఇంత మెప్పు రావడం తేలిక కాదు. మటన్ చుక్కా కూడా తెప్పించుకున్నాం. నీళ్లు లేకుండా వేయించిన పొడికూర. అది నాకు మరీ నచ్చింది.

పది దాటాక నడుచుకుంటూ వస్తుంటే వీధంతా ఒకే చప్పుడు. టకటక, టకటక. రెండు ఇనుప రేకులతో రాయి మీద పరోటాలను గుడ్డుతో, ఉల్లిపాయతో, సాల్నా అనే పల్చటి కూరరసంతో కలిపి నరికే చప్పుడు. కొత్తు పరోటా అది. ఒక కొట్టు వదిలాక ఇంకో కొట్టు, దేని తాళం దానిదే. పరోటా మాస్టర్లు పిండిముద్దను నూనె బల్ల మీద కొట్టి, పైకి విసిరి, అవతలి వేళ్లు కనిపించేంత పల్చగా చేసి, మళ్లీ చుట్ట చుట్టి పెడతారు. ఒకాయన అమ్మ అలా నిలబడి చూస్తోందని గమనించి, ఆ పిండి రేకును ఇంకొంచెం పైకి విసిరాడు. అమ్మ చిన్నపిల్లలా నవ్వింది. పదకొండు గంటలకు పసిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, పుస్తకాల సంచులతో విద్యార్థులు, పని ముగించుకుని వచ్చిన కూలీలు ఒకే బల్ల మీద కూర్చుని తింటున్నారు. రాత్రి సరదా అంటే మద్యం, పెద్ద సంగీతం అనుకునేవాళ్లకు మధురైలో వెతుక్కోవాల్సి వస్తుందేమో. ఇక్కడి రాత్రి ఇలా ఉంటుంది, అందరిదీ. ఒక్కరమే అనే భయం మాకు ఆ మూడు రాత్రుల్లో ఎక్కడా కలగలేదు.

శుక్రవారం పొద్దున గాంధీ మ్యూజియం. రాణి మంగమ్మ మహలుగా పేరున్న తముక్కం భవనంలో 1959లో దీన్ని తెరిచారు. మంగమ్మ మనమడి తరఫున 1689 నుంచి 1704 దాకా రాజ్యం నడిపిన మనిషి. ఆమె ఇంట్లో గాంధీ వస్తువులుండటం నాకు బాగా నచ్చింది. కాల్పులకు గురైన రోజు ఆయన ఒంటి మీదున్న వస్త్రంలో కొంత అక్కడుంది. దాని ముందు ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఆయన చొక్కా, టోపీ వదిలేసి కొల్లాయి కట్టింది కూడా ఈ ఊళ్లోనే, 1921 సెప్టెంబరు 22న. వెస్ట్ మాసి వీధిలో ఆయన దిగిన ఇల్లు ఇప్పటికీ ఉంది, అందులో ఖాదీ దుకాణం నడుస్తోంది. అక్కడ నేనొక తువ్వాలు కొన్నాను.

ఇక గుడి. సాయంత్రం నాలుగున్నరకు తలంటుకుని, నూలు చీరల్లో బయల్దేరాం. ఫోన్లు లోపలికి రానివ్వరు, బయట కౌంటర్లో ఇచ్చి చీటీ తీసుకోవాలి. మొదట్లో చిరాకుపడ్డాను గానీ, లోపల ఎవరి చేతిలోనూ ఫోను లేకపోవడం ఎంత హాయో ఐదు నిమిషాల్లో తెలిసింది. తూర్పున అష్టశక్తి మండపం గుండా వెళితే నేరుగా అమ్మవారి వైపుకే దారి. ఇక్కడ ముందు అమ్మవారిని, తర్వాతే సుందరేశ్వరుణ్ణి చూడాలి. పెళ్లయిన కొత్త జంటలను తమిళులు "మీ ఇంట్లో మధురైయా, చిదంబరమా?" అని అడుగుతారట. మధురై అంటే ఇంట్లో ఆడమాట చెల్లుతుందని. మా ఇంట్లో ఏది నడిచిందని అమ్మను అడిగాను. "మీ నాన్న చిదంబరం అనుకునేవారు, నడిచింది మాత్రం మధురే" అంది.

పద్నాలుగు గోపురాలున్న గుడి. దక్షిణ గోపురం అన్నిటికన్నా ఎత్తు, నూట డెబ్భై అడుగులు. వెయ్యి స్తంభాల మండపంలో నిజానికి ఉన్నవి తొమ్మిది వందల ఎనభై అయిదు. 1569లో నాయకుల మంత్రి అరియనాథ ముదలియార్ కట్టించాడు. అక్కడ స్తంభాల మధ్య వరుస చూపు పట్టి నిలబడితే, ఎటు చూసినా దారి సూటిగా పోతున్నట్టే ఉంటుంది. అన్నీ చూడాలని నేను పరిగెత్తలేదు. అమ్మకు వెళ్లగలిగినన్ని చాలనుకున్నాం. వెండి అంబలంలో నటరాజు దగ్గర మాత్రం చాలాసేపు ఆగాం. లోకంలో నటరాజు ఎడమకాలు ఎత్తి ఆడతాడు. ఇక్కడ కుడికాలు ఎత్తాడు. నాట్యం నేర్చుకున్న రాజశేఖర పాండ్యుడు, ఎప్పుడూ ఒకే కాలి మీద నిలబడితే స్వామికి ఎంత నొప్పో అని బాధపడి, కాలు మార్చి ఆడమని వేడుకున్నాడట. అమ్మ తన మోకాలు నిమురుకుంటూ, "తెలిసినవాడే అడిగాడు" అంది.

పొత్తామరై కోనేటి మెట్ల మీద కూర్చున్నాం. శుక్రవారాలు కోనేటి పక్కన ఊంజల్ మండపంలో అమ్మవారికీ అయ్యవారికీ ఊయల సేవ జరుగుతుంది. ఓదువార్లు, అంటే గుళ్లో పాడేవాళ్లు, తమిళ శివభక్తి పాటలు పాడుతుంటే ఊయల నెమ్మదిగా కదులుతుంది. మాకు మాటలు సగమే తెలిసినా, పాట సాగే తీరు జోలపాటదే. కోనేటి నీళ్లలో దక్షిణ గోపురం తలకిందులుగా కనిపిస్తోంది. ఎనిమిదింటికి జనం పల్చబడ్డారు. అప్పుడు వరుసలో నిలబడ్డాం. ఇరవై నిమిషాల్లో అమ్మవారి ముందున్నాం. చేతిలో చిలుక, మెడలో మల్లెదండ. అమ్మ తల పక్కకు వంచి చూసింది. పూలదండ అంచు ముక్కు దాకా వచ్చింది. అర్చకులు కదలమన్నారు. బయటికొచ్చాక అమ్మ ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

కానీ రాత్రి ఇంకా మిగిలుంది. అందుకే కదా మూడు రోజులుండాలన్నది. రోజూ రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో పళ్లియరై సేవ ఉంటుంది. పళ్లియరై అంటే పడకటిల్లు. సుందరేశ్వరుడి పాదుకలను వెండి పల్లకీలో పెట్టి, తెరలు కట్టి, వింజామరలు వీస్తూ, డోలూ నాగస్వరంతో అమ్మవారి సన్నిధికి తీసుకొస్తారు. ఆ సరికి పగటి గుంపులు వెళ్లిపోతాయి. మిగిలేది ఎక్కువగా ఆ ఊరివాళ్లే. పల్లకీ మా ముందు నుంచి వెళ్లేటప్పుడు సాంబ్రాణి పొగ ముఖాన కొట్టింది. ఒక ముసలావిడ అమ్మ చెయ్యి పట్టుకుని, తన పక్కకు లాగి, వేలితో లోపలికి చూపించింది. "మూక్కుత్తి, మూక్కుత్తి" అంది. పళ్లియరై సేవలో అమ్మవారి ముక్కుపుడకకే ప్రత్యేకంగా హారతి ఇస్తారని నాకు అప్పుడే తెలిసింది. అర్చకుడు దీపాన్ని అమ్మవారి ముఖం దగ్గరికి తీసుకెళ్లి, కాస్త ఆపి, నెమ్మదిగా పక్కకు తిప్పాడు. చీకట్లో ఒక చుక్క వెలిగింది. తెల్లగా, తర్వాత నీలంగా, మళ్లీ తెల్లగా. అమ్మ చేతులు జోడించడం కూడా మరిచిపోయి నిలబడింది. నేను ఆ చుక్కనీ చూశాను, అమ్మ కళ్లనీ చూశాను. వెళ్లాలనుకునేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. పగలు దర్శనం అయినా కాకపోయినా, రాత్రి ఈ సేవకు ఉండండి. తొమ్మిదింటికే అమ్మవారి సన్నిధి దగ్గరకు చేరుకోండి.

బయటికి వచ్చేటప్పుడు ఇంకో పొరపాటు. చెప్పులు తూర్పు గోపురం దగ్గర విడిచాం, జనంతో కలిసి దక్షిణం వైపు బయటపడ్డాం. నాలుగు వైపులా గోపురాలు ఒకేలా ఉంటాయి, కొత్తవాళ్లు తికమకపడతారు. లోపలికి వెళ్లేముందు ఏ వైపు నుంచి వెళ్తున్నారో మనసులో గుర్తు పెట్టుకోండి. ఒట్టికాళ్లతో చిత్తిరై వీధి చుట్టూ నడవాల్సి వచ్చింది. రాత్రి కాబట్టి రాళ్లు చల్లబడి ఉన్నాయి, అదే మధ్యాహ్నమైతే అమ్మ వల్ల అయ్యేది కాదు. నడుస్తూనే ఒక బండి దగ్గర పరుత్తి పాలు తాగాం. పరుత్తి అంటే పత్తి. పత్తి గింజలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, బెల్లం, శొంఠి, యాలకులు వేసి కాస్తారు. పైన కొబ్బరి తురుము. "పత్తి గింజలు గేదెలకు కదే పెడతాం, మనుషులు తాగడం ఏంది?" అని అమ్మ గ్లాసు పట్టుకుని ఆలోచించింది. ఒక గుక్క తాగింది. ఆనక అడక్కుండానే రెండో గ్లాసు తీసుకుంది. చిక్కగా, వెచ్చగా, గొంతులో శొంఠి మంట. "మా గేదెలు ఇన్నాళ్లూ బానే తిన్నాయి" అంది.

శనివారం వీధులకే ఇచ్చాం. మధురై పాత ఊరు గుడి చుట్టూ చతురస్రాలుగా పెరిగింది. గుడి లోపల ఆడి వీధులు, బయట చిత్తిరై, తర్వాత ఆవణి మూల, ఆ తర్వాత మాసి, చివర వెలి వీధులు. వెలి కాక మిగతావన్నీ తమిళ నెలల పేర్లే. ఏ ఉత్సవం ఏ నెలలో వస్తే ఆ పేరు. ఒకసారి ఈ లెక్క తెలిశాక దారి తప్పినా భయం ఉండదు. లోపలికి నడిస్తే గుడి, బయటికి నడిస్తే వెలి వీధి. బంగారం కొట్లు దక్షిణ ఆవణి మూల వీధిలో. గుడికి తూర్పున తిరుమల నాయకుడు కట్టించిన పుదు మండపంలో ఒకప్పుడు శిల్పాల మధ్యే దర్జీలు మిషన్లు పెట్టుకుని కూర్చునేవారు. మొదటి యాత్రలో నాన్న అక్కడే నాకు లంగా కుట్టించబోయి టైము లేక మానేశారు. ఇప్పుడు ఆ కొట్లన్నీ పక్కనే కున్నత్తూర్ సత్రానికి మార్చారు. శిల్పాలకు గాలి ఆడుతోంది. అయినా ఆ మిషన్ల చప్పుడు లేకపోవడం నాకు కొంచెం వెలితిగానే అనిపించింది.

అమ్మ అసలు ఆసక్తి సుంగుడి చీరల మీద. చీరలకు పేరుబడ్డ వెంకటగిరి పక్క ఊళ్లో పుట్టిన మనిషి, నూలు చూస్తే చేతులు ఆగవు. సుంగుడి నేతా అద్దకం సౌరాష్ట్రులది. గుజరాత్ వైపు నుంచి తరతరాలుగా కదులుతూ, విజయనగర రాజ్యం మీదుగా మధురై చేరిన నేతగాళ్లు. వాళ్ల భాషలో తెలుగు మాటలు చాలా కలిశాయి. ఒకప్పుడు దాన్ని తెలుగు లిపిలోనే అచ్చువేసుకునేవారు. కొట్టాయన, డెబ్భై ఏళ్లు ఉంటాయి, మేం తెలుగు మాట్లాడుకోవడం విని కుర్చీ జరిపి దగ్గరికొచ్చాడు. నిజమైన ముడి అద్దకం ఎలా గుర్తుపట్టాలో చూపించాడు. బట్టను గోటితో చిటికెడు పైకి లాగి, దారంతో చుట్టి ముడేస్తారు. రంగులో ముంచి ఆరాక ముడి విప్పితే ఆ చోట తెల్ల చుక్క. చేత్తో కట్టిన చుక్క అచ్చు గుండ్రంగా ఉండదు, నడిమిన సూదిమొనంత రంగు ఉంటుంది, వేలితో తడిమితే కొంచెం ముడతగా తగులుతుంది. అచ్చు వేసినదైతే అన్ని చుక్కలూ ఒకేలా, నున్నగా ఉంటాయి. ఒక చీర నిండా వేల ముడులు. అమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ముదురు ఆకుపచ్చ చీర ఒకటి వెలుతురుకు పట్టి చుక్క చుక్కా చూసి తీసుకుంది. మొదటిసారి ఉప్పు నీళ్లలో విడిగా ఉతకమన్నాడు ఆయన. "నాకు తెలుసయ్యా" అంది అమ్మ.

ఆ రాత్రి విళక్కుత్తూణ్ దగ్గర జిగర్‌తండా. విళక్కుత్తూణ్ అంటే దీపస్తంభం. ఇప్పుడు ఆ కూడలికే ఆ పేరు. పెద్ద వెడల్పాటి గిన్నెలో పాలు గంటలకొద్దీ మరిగి లేత గోధుమరంగుకు వస్తాయి. గ్లాసు అడుగున రాత్రంతా నానబెట్టి గాజుముక్కల్లా ఉబ్బిన బాదం బంక, దాని మీద నన్నారి, అదే మన సుగంధిపాల పానకం, ఆపైన చల్లటి మీగడపాలు, చివర్న బాసుంది, ఐస్‌క్రీం. చెంచా వేసి కలపబోతే కొట్టబ్బాయి వద్దన్నాడు. పై నుంచి ఒక్కో పొరా తాగాలట. బంక నాలుక మీద జారిపోతుంది, దానికి రుచి లేదు, చలువ మాత్రం ఉంది. పన్నెండు కావస్తోంది. నిలబడి తాగుతున్నవాళ్లు పాతికమంది దాకా ఉన్నారు. దగ్గర్లోని పెద్ద గుళ్లు అళగర్ కోవిల్ చూడలేదు, తిరుప్పరంకుండ్రం చూడలేదు, ఏ కొరతా అనిపించలేదు.

ఆదివారం ఉదయం ఆరు దాటాక వైగై ఎక్స్‌ప్రెస్. పడుకోవడానికి లేదు, నాలుగింటికే మాట్టుత్తావణి పూల మార్కెట్‌కు వెళ్లాం. మధురై మల్లెకు 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రేకు దళసరిగా, మొగ్గ బొద్దుగా ఉంటుంది, పొద్దున కోసినది సాయంత్రానికి విచ్చుతుంది. చలికాలం పూత తక్కువ కాబట్టి ధర బాగా ఎక్కువగా ఉంది. బస్తాలు దించుతున్నారు, కిలోల లెక్కన కేకలు, తడి గోనెపట్టాల వాసనా మల్లెల వాసనా కలిసిపోయాయి. ఒక మూల మూరల లెక్కన కట్టిన పూలు అమ్మే పెద్దావిడ మా మాటలు విని, "తెలుగోళ్లా మీరు? మా ఇంట్లోనూ తెలుగేమ్మా. మాట్లాడను వస్తుంది, సదవను రాదు" అంది. మూడొందల ఏళ్లకు పైగా అక్కడే ఉన్న మనవాళ్లు. వాళ్ల మాటలో మా అవ్వ వినిపించింది. ఆమె తన మోచెయ్యితో రెండు మూరలు కొలిచి నాకిచ్చింది, ఇంకో రెండు కొలిచి అమ్మ చేతిలో పెట్టబోయింది. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నాకొద్దులేమ్మా. ఆయన లేరు."

పెద్దావిడ చెయ్యి దించలేదు. "మీనాక్షి ఊరుమ్మా ఇది. పూలు వొద్దనకూడదు" అంది. అమ్మ నా వైపు చూసింది. నేనేమీ అనలేదు. అరిటాకులో చుట్టించుకుని సంచిలో పెట్టుకుంది. డబ్బులిస్తే ఒక చుట్టకే తీసుకుంది ఆమె.

రైల్లో ఇద్దరం కూర్చున్న చోటే నిద్రపోయాం. తిరుచ్చి దగ్గర కావేరి వంతెన చప్పుడుకు లేచాను. అమ్మ కిటికీ వైపు తిరిగి నదిని చూస్తోంది. జుట్టు ముడి పక్కన ఒక్క మూర మల్లెపూలు. మిగతా మూర చేతిలో ఉంది. నేను లేచానని తెలిసి, తల తిప్పకుండానే, "వంకరగా ఏమన్నా పెట్టానా, చూడవే" అంది.

పిన్ను సర్ది కూర్చున్నాను.